తెల్లగుంత దగ్గర మైసయ్య

మైసయ్యను దొర ఒక ఎండాకాలం చెరువు బురదలో నిలబెట్టాడు. పొద్దున దింపి, పొద్దుగూకే దాకా పైకి రానివ్వలేదు. అతను చేసిన నేరమల్లా దొర బర్రెను బురదలోంచి బయటికి గుంజడం.

మా దిక్కు చెరువులు ఎండాకాలంలో నడుమ కాసిని నీళ్లు, చుట్టూ బురదగా మిగులుతాయి. నీళ్ల ఆశకు పోయిన బర్రెలు ఆ బురదలో దిగబడతాయి. కట్టంగూరు నుంచి కేతేపల్లి దాకా ఏ ఊళ్లో బర్రె దిగబడినా మైసయ్యకు కబురు వచ్చేది. అతనిది మాదిగవాడ. బావి నీళ్లు తోడే మోటతోలు కుట్టడం, మోకులు పేనడం, దిగబడిన పశువును తీయడం అతని పనులు. దొరకైతే అవన్నీ వెట్టికే చేయాలి.

పశువును తీయడానికి అతనికొక పద్ధతి ఉండేది. బురద మీద తాటిమట్టలు పరిచి, వాటి మీద బోర్లా పాకుతూ బర్రె దగ్గరికి పోయేవాడు. కాళ్ల పక్కనుంచి కట్టె దించి, ఆ సందులో కుండతో నీళ్లు పోసేవాడు. బురద పట్టు సడలి, బర్రె కాళ్లకు అడుగున గట్టి నేల తగిలేది. అప్పుడు రొమ్ము చుట్టూ మోకు వేసి, దుక్కిటెడ్లతో మెల్లగా గుంజించేవాడు. దుక్కిటెడ్లు దున్నేటప్పుడు చాలు చాలుకూ ఆగి మలుపు తిరిగే పశువులు, మాటకు ఆగుతాయి, మాటకు కదులుతాయి. బర్రె రొప్పితే ఆపడం, ఊపిరి తీసుకున్నాక మళ్లీ గుంజడం. తొందర ఉండేది కాదు.

దొర బర్రె చూడిది. దాన్నీ అట్లాగే తీశాడు. బయటికి వచ్చి, లేచి నిలబడి, గడీ దాకా నడిచిపోయింది కూడా. రెండు రోజులకు కడుపు ఈచుకుపోయి చచ్చింది. గుంజినందుకే చచ్చిందని, దొర పనులు చూసే శేరిదారు చెప్పాడు. "బర్రె ఏడ నిలవడ్డదో ఆడనే నిలవడు" అన్నాడు దొర. నడుము లోతు బురదలో మైసయ్య నిలబడ్డాడు. శేరిదారు కట్ట మీద గొడుగు వేసుకుని కూర్చుని చుట్ట కాల్చాడు. ఊరు చూసింది. చూసి ఎవరి పని మీద వాళ్లు పోయారు.

సాయంత్రం పైకి వచ్చినప్పుడు అతని కాళ్లు ఉబ్బి, చర్మం పొరలు పొరలుగా లేచిపోయింది. అప్పటి నుంచి కుడికాలు సరిగ్గా మడవలేకపోయేవాడు. అయినా ఆ సంగతి చెప్పేటప్పుడు నవ్వుతూనే చెప్పేవాడు.

"దొర నన్ను బర్రెను జేసిండు గని, పాలు విండలే. గదొక్కటే నయమాయె."

ఇంకో మాట కూడా చెప్పేవాడు. ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

"బురదకు మనం ఉత్తగనే బెదురుతం. బురద మనిషిని మింగదు. పొద్దంత నిలవడ్డోన్ని, నాకెర్క. మెల్లెగ దిగితె అడుగుల గట్టి నేల దొర్కుతది. కాలు ఆనిందా, బతికినట్టె."

చెరువు సంగతిలో అది నిజం. అతని బతుకంతా చెరువు బురదలోనే గడిచింది కాబట్టి అన్ని బురదలూ అంతే అనుకున్నాడు. మా ఊళ్లో అందరమూ అట్లాగే అనుకున్నాం.

మా ఊరికి ఉత్తరాన, పెద్ద సడక్కు దగ్గర, ఒక కంకర గని ఉంది. సడక్ కోసం నిజాం సర్కారు ఒక కంట్రాక్టరుకు ఇచ్చింది. అతను కంకర మిషను తెచ్చి గుట్టను తొలిచాడు. మిషనులోంచి కంకర ఒక పక్క, తెల్లటి రాతిపిండి ఒక పక్క పడేవి. ఆ పిండిని ఏళ్ల తరబడి పాత గుంతలోకి తోశారు. వానలకు గుంత నిండింది, పిండి తడిసి లోపల గంజిలా నిలిచింది. ఎండలకు పైన మాత్రం గట్టిపడి, సున్నం కొట్టిన అరుగులా కనిపించేది. దాన్ని మేం తెల్లగుంత అనేవాళ్లం. ఒక కంచె లేదు, ఒక బోర్డు లేదు. రజాకార్ల గొడవలు ముదిరాక కంట్రాక్టరు మిషనును రేకుల షెడ్డులో పెట్టి తాళం వేసి పట్నం పోయాడు.

నలభై ఎనిమిది సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చింది. రజాకార్లు పోయారు. అంతకుముందే పారిపోయిన దొర ఖద్దరు టోపీ పెట్టుకుని తిరిగి వచ్చాడు. ఆయన వెనకాలే పోలీసు క్యాంపు వచ్చింది. రజాకార్ల కోసం వచ్చామని మొదట అన్నారు, తర్వాత దొరల మీద కొట్లాడిన సంఘం వాళ్ల కోసం వెతకడం మొదలుపెట్టారు. కుర్రవాళ్లను క్యాంపుకు తీసుకుపోయి కొట్టారు. ఆ దెబ్బలు ఆగడానికి ఎవరో ఒకడు, తుపాకులు తెల్లగుంతలో వేశామన్నాడు. అక్కడ ఏమీ లేవని అన్నవాడికీ తెలుసు. కానీ పోలీసులు పోయి చూసి వచ్చేదాకా దెబ్బలు ఉండవు కదా.

కార్తీకమాసం. మరునాడు పొద్దున ఊళ్లో మగవాళ్లందరినీ గుంత దగ్గరికి తోలారు. మా నాయిన చెన్నయ్య, నేను కూడా ఆ గుంపులో ఉన్నాం. క్యాంపు జమేదారు కోస్తా వైపువాడు.

"ఏరా, బురదలో దిగేవాడివి నువ్వేనా?" అని అడిగాడు మైసయ్యను.

"నేనే దొరా. బర్లను దీస్త."

"ఇవాళ తుపాకులు తీద్దువుగాని. దిగు."

మైసయ్య గుంత చుట్టూ చూశాడు. వెదురుకట్టె, తాటిమట్టలు, కుండ, మోకు తెప్పించి, కట్టెను ఒడ్డు పక్కన పొడిచాడు. పైన పెంకు పగిలి కట్టె దిగి, తొడలోతులో రాయికి టక్కున తగిలింది. ఇంకో చోట పొడిచాడు. అక్కడా తొడలోతే. అతని ముఖంలో బిగువు సడలింది.

"లోతు లేదు దొరా. అడుగుల బండుంది."

మైసయ్య తమ్ముడు భిక్షపతి ముందుకు వచ్చాడు. పెళ్లై ఇంకా ఏడాది కాలేదు. అన్న మోకు పేనితే తను అమ్ముకొచ్చేవాడు. అన్నను ఎగతాళి చేయనిదే వాడికి పొద్దుపోయేది కాదు.

"నువ్వు కూసో అన్నా. నీ కుడికాలు దొర పేరు మీద రాసిచ్చినవ్ గద. నేను దిగుత."

"మెల్లెగ దిగు. కాలు ఆనేదాక తొక్కు, ఆనినంక నిలవడు. గబగబ గుంజకు" అన్నాడు మైసయ్య.

నడుముకు మోకు కడదామని మైసయ్య అన్నాడు. "తొడలోతుకు మోకెందుకురా? పొద్దెక్కుతోంది" అన్నాడు జమేదారు. భిక్షపతి పెంకు మీద కాలు పెట్టాడు. అది మోసింది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి నవ్వాడు. "అన్నా, గిది బురద గాదే, కళ్లం. వడ్లు తూర్పార వట్టొచ్చు." ఇంకో అడుగుకు పెంకు పగిలి తొడల దాకా దిగాడు. అందరం ఉలిక్కిపడ్డాం. వాడు మాత్రం చేయి ఊపాడు. "ఆనింది, ఆనింది. బండ దొర్కింది."

చెరువు అడుగు పళ్లెంలాగా మెల్లగా వాలుతూ పోతుంది. ఒడ్డున తొడలోతుంటే ఇంకాస్త లోపల నడుములోతుంటుంది, అంతే. గని అడుగు అట్లా ఉండదు. రాయి కొట్టేవాళ్లు మెట్టు మెట్టుగా నరుక్కుంటూ పోతారు. ఒక మెట్టు అయిపోయిన చోట ఇంకో మెట్టు రెండు నిలువుల కింద ఉంటుంది. పైన రాతిపిండి నిండితే ఏ మెట్టు ఎక్కడ తెగిందో కనిపించదు. ఈ సంగతి రాయి కొట్టే వడ్డెరవాళ్లకు తెలుసు. వాళ్లు కంట్రాక్టరుతో పాటే పోయారు. మిగిలింది మేము, చెరువు కింద బతికేవాళ్లం.

భిక్షపతి ఇంకొక అడుగు వేశాడు.

నడుము దాకా ఒక్కసారిగా దిగిపోయాడు. అరవలేదు. అన్న చెప్పింది గుర్తుపెట్టుకుని, కాలు ఆనడానికి తొక్కాడు. తొక్కినకొద్దీ దిగాడు. రొమ్ము దాకా వచ్చాక దిగడం ఆగింది. చేతులు రెండూ పిండి మీద చాచి మావైపు చూశాడు.

"అన్నా, ఆనుత లేదే."

మైసయ్య అప్పటికే తాటిమట్టలు పరిచి పాకుతున్నాడు. దగ్గరికి పోయి కట్టె దించాడు, కుండతో నీళ్లు పోశాడు. చెరువు బురదైతే ఆ నీళ్లకు పట్టు వదులుతుంది. రాతిపిండి నీళ్లు పోస్తున్నంతసేపు గంజిలా కదిలి, ఆపగానే అంతకుముందుకన్నా గట్టిగా బిగుసుకుంటుంది. పైగా బర్రెకు పట్టు వదిలితే అడుగున నిలబడుతుంది. వీడికి నిలబడే అడుగే లేదు. పట్టు వదిలిన ప్రతిసారీ కొంచెం కిందికి జారాడు. చంకల దాకా వచ్చాక మైసయ్య కుండ పక్కన పెట్టేశాడు.

"పలకలు గావాలె. పెద్ద పలకలు. షెడ్ల ఉన్నయి పటేలా" అని మా నాయినతో అరిచాడు.

కంట్రాక్టరు షెడ్డులో మందపాటి పలకలు ఉన్నాయి, రేకులున్నాయి. అవి పరిస్తే నలుగురు మనుషులు పోయి చుట్టూ పిండిని చేతులతో తోడి, వాణ్ని పక్కకు వాల్చి తీయవచ్చు. కానీ షెడ్డు తాళానికి కొత్త సర్కారు సీలు వేసింది. జమేదారు సీలు ముట్టుకోవడానికి ఒప్పుకోలేదు.

"అది గవర్నమెంటు సీలు. పై నుంచి ఆర్డరు రావాలి. మనిషిని పంపిస్తాను."

పంపించాడు కూడా. ఆ మనిషి ఆ రోజు తిరిగి రాలేదు. మా ఊళ్లో ఆ నెలలో తుపాకీ మడమలకు పగలని తలుపు లేదు. మాదిగవాడలో తడకలు కూడా పీకారు. ఆ ఒక్క తాళానికి మాత్రం చట్టం అడ్డం వచ్చింది.

పొద్దు నడినెత్తికి వచ్చింది, దిగింది. రాతిపిండి చల్లదనం వాడి ఎముకల్లోకి పోతున్నట్టుంది. పెదవులు నీలంగా అయ్యాయి. వాడి భార్య జానమ్మ ఒడ్డున నిలబడి ఉంది. ఆమెను జవాన్లు దగ్గరికి రానివ్వడం లేదు.

"ఆకలైతాంది జానమ్మా. గిన్ని గట్కన్న తేకపోతివి" అన్నాడు భిక్షపతి.

"నువ్వు రా. వస్తె పెడ్త" అని ఆమె కేకేసింది.

"వస్త. జర ఆగు. ఇక్కడి దావతు ఇడుస్త లేదు."



మైసయ్య దుక్కిటెడ్లు కావాలన్నాడు. ఊళ్లో దుక్కిటెడ్లన్నీ క్యాంపు బండ్లకు పట్టుకుపోయారు. మా నాయిన దగ్గర మోటెడ్లు మాత్రం మిగిలాయి. ముసలివని వాటిని వదిలేశారు. నాయిన వాటిని తోలుకొచ్చాడు.

మోటెడ్ల అలవాటు గురించి చెప్పాలి. బావి దగ్గర అవి చేసేది ఒకటే పని. మోట నిండి మోకు మీద బరువు పడగానే, వాలుగా ఉన్న దారిలో చివరిదాకా దిగుతాయి. నడుమ ఆగితే నిండిన మోట ఎద్దులనే వెనక్కి బావిలోకి ఈడుస్తుంది. అందుకని నడుమ ఆగిన ప్రతిసారీ దెబ్బ పడుతుంది. అట్లా చిన్నప్పటి నుంచీ నేర్పుతారు. బరువు ఎంత పెరిగితే అంత వంగి గుంజుతాయి, చివర మోట నీళ్లు కుమ్మరించాకే నిలబడతాయి.

గుంత పక్కన మట్టిదిబ్బ ఉంది. దాని వెనక వాలు అచ్చం మోటదారి లాగే ఉంటుంది. ఎద్దులను అక్కడ నిలబెట్టారు. మైసయ్య మళ్లీ పాకుతూ పోయి తమ్ముడి చంకల కింద నుంచి మోకు వేసి, గుడ్డలు చుట్టి ముడి వేశాడు. తన చేత్తో పేనిన మోకు. తెగదని అతనికి తెలుసు.

"ఇవి మోటయిరా మైసా. ఆగుతయో ఆగయో" అన్నాడు నాయిన.

"పొద్దుగూకుతాంది పటేలా. వానికి మాట వస్తలేదు. మెల్లెగ తోలుండ్రి. నేను చెయ్యెత్తంగనే ఆపుండ్రి."

నాయిన తోలాడు. మోకు బిగిసింది. భిక్షపతి కొంచెం లేచాడు, ఒక జానెడు. అందరం "వస్తాండు, వస్తాండు" అన్నాం. వాడు పళ్లు బిగించి, తర్వాత అరిచాడు. మైసయ్య చేయి ఎత్తాడు. నాయిన "హో, హో" అన్నాడు. పగ్గం పట్టి వెనక్కి గుంజాడు. నేను కొమ్ములు పట్టుకున్నాను. మోకు మీద బరువుంది. ఎద్దులకు అది బావి. మెడలు వంచి, కాళ్లు తన్నిపెట్టి, వాలు దిగాయి.

"కోసెయ్యి మైసా, మోకు కోసెయ్యి" అని ఎవరో అరిచారు.

మైసయ్య చేతిలో తోలు కోసే రంపె ఉంది. మోకు మీద దాకా తెచ్చాడు. కోస్తే తమ్ముడు మళ్లీ లోపలికి పోతాడు. కోయకపోతే ఎద్దులు ఆగవు. కొమ్ములు చేజారి దిబ్బ మీదే మిగిలిన నేను చూశాను, ఆ రంపె మోకు మీద అట్లాగే ఆగి ఉంది. ఈలోపు భిక్షపతి గొంతు ఆగిపోయింది. ఎద్దులు వాలు చివరికి పోయి, వాటంతట అవే నిలబడ్డాయి.

వాడు బయటికి వచ్చాడు. ఊపిరి ఉంది. నడుము నుంచి కింద మాత్రం కాళ్లు ఒకదాని మీద ఒకటి, ఎట్లా వేస్తే అట్లా పడి ఉన్నాయి.

ఊరు దాటడానికి క్యాంపు పాసు కావాలి. పాసు వచ్చేసరికి తెల్లవారింది. బండి మీద నల్లగొండ దవాఖానకు తీసుకుపోయాం. నడుము విరిగింది, చేసేదేమీ లేదన్నారు. ఇంటికి తెచ్చి మంచం మీద వేశారు. జానమ్మ వాడికి తినిపించింది, కడిగింది, వీపు పుండ్లకు పసరు కట్టింది. మైసయ్య గుమ్మం బయట కూర్చునేవాడు. లోపలికి పోతే తమ్ముడు ఏదో ఒక ఎగతాళి మాట అనేవాడు, అది అతను తట్టుకోలేకపోయేవాడు. ఒకనాడు జానమ్మ బయటికి వచ్చి అంది.

"నువ్వు బర్రెను గుంజినట్టు గుంజినవ్ బావా. మనిషని మర్సిపోయినవ్."

భిక్షపతి మరుసటి వానాకాలం చూడలేదు. జానమ్మ పుట్టింటికి పోయింది. తెల్లగుంతలో తుపాకులు ఉన్నాయో లేవో మళ్లీ ఎవరూ చూడలేదు. జమేదారుకు బదిలీ అయింది.

నేను చదివిన పుస్తకాల్లో ఇంత జరిగాక మనిషి తిరగబడతాడు. మైసయ్య తిరగబడలేదు. గొడ్డలి పట్టుకుని తుమ్మకంప నరికాడు. మోపులు మోసి తెల్లగుంత చుట్టూ కంచె వేశాడు, కుంటుకుంటూ, వారం పైగా. కొత్త జమేదారు వచ్చి చూశాడు. సంఘం వాళ్లు దాక్కోవడానికి కంప కట్టావా అని రెండు తన్ని, కంపకు నిప్పు పెట్టించాడు. మళ్లీ వేశాడు. మళ్లీ కాల్చారు. మూడోసారి గొడ్డలి గుంజుకున్నారు.

యాభైలో కంట్రాక్టరు తిరిగి వచ్చాడు. సీలు తీసేశారు, మిషను మళ్లీ తిరిగింది. మైసయ్య పోయి గుంతకు కంచె వేయించమన్నాడు. "గుంత సర్కారుది. సర్కారునడుగు" అన్నాడు కంట్రాక్టరు. తాసీల్ కచేరీకి పోతే, గని కంట్రాక్టరుది, అతన్నే అడగమన్నారు. అప్పటి నుంచి మైసయ్య పొద్దున్నే పోయి గుంత ఒడ్డున కూర్చోవడం మొదలుపెట్టాడు. ఊళ్లవాళ్లు పిచ్చి లేచిందన్నారు. పక్క ఊళ్లో బర్రె దిగబడిందని కబురు వస్తే పోలేదు.

పోయిన చలికాలం నేను పట్నం పోయేముందు అతన్ని చూడ్డానికి వెళ్లాను. పాలమూరు నుంచి కొత్త కూలీలు దిగారు. గుంత అవతల గుడిసెలు వేసుకున్నారు. ఒక ఆడమనిషి తడిబట్టలు తెచ్చి తెల్లపెంకు అంచున ఆరేస్తోంది. ఎండకు అది వెచ్చగా, శుభ్రంగా ఉంటుంది మరి.

"ఓ అమ్మా! ఇవతలికి రా! ఆడ అడుగు లేదు!" అని మైసయ్య లేచి అరిచాడు. ఆమె వినబడనట్టు ఇంకో బట్ట విదిలించింది. అతను రాయి తీసి పెంకు మీదికి విసిరాడు. రాయి పెంకు పగలగొట్టుకుని గుబుక్కున లోపలికి పోయింది. ఆమె తననే కొడుతున్నాడనుకుంది. "ఏంరో ముసలోడా, చేతులు దురద వెడ్తున్నయా?" అని తిట్టి, బట్టలు తీసుకుని పోయింది.

"తిట్టినా పాయె గద. గది సాలు" అని కూర్చున్నాడు.

"ఒక్కనివే ఎన్నాళ్లు గావలి ఉంటవ్ మైసన్నా?" అన్నాను.

"అన్నా అనకు చిన్నపటేలా, మీ నాయిన ఇంటె నన్ను దిడ్తడు." కొంచెం నవ్వాడు. మిషను మోత ఆగినప్పుడు మళ్లీ మాట్లాడాడు. "జరమొచ్చి పండుకుంటె ఆ పొద్దు ఎవరున్నరు ఈడ? గదే ఫికరు. కాలు ఆనుతదని మా తమ్మునికి చెప్పింది నేను. ఆనదని వీళ్లకు చెప్పుతాంటె ఒక్కరన్న నమ్ముత లేరు."

బస్సు వేళ అవుతోందని లేచాను. పెద్ద సడక్ ఎక్కబోతుంటే వెనక నుంచి పిలిచాడు.

"పట్నంల పెద్ద సార్లుంటరంట గద. ఎవలన్న కలిస్తె ఒక్క మాట చెప్పు. కంప నేనే తెస్త, నేనే కొడ్త. కాల్చకుంటె సాలు."